అరిసె మిగిలింది... నలుగు పోయింది

గోదావరి జిల్లాల చలికాలపు పండగల్ని వరసగా పేర్చి చూస్తే ఆయుర్వేదం చెప్పిన హేమంత ఋతుచర్యే కనిపిస్తుంది. కాకపోతే అందులో తినే సగాన్ని భద్రంగా దాచుకుని, ఒళ్లు వంచే సగాన్ని అటకెక్కించేశాం.

ధనుర్మాసం సగానికొచ్చిందంటే రాజమహేంద్రవరంలో పిండిమరల దగ్గర కాలు పెట్టే చోటుండదు. ఇన్నీసుపేట సందుల్లోని ఓ మర ముందు స్టీలు డబ్బాలు రోడ్డు దాకా బారులు తీరాయి. అన్నింట్లోనూ రాత్రంతా నానబెట్టి, గుడ్డ మీద ఆరబోసిన బియ్యమే. లోపల మర తిప్పే మనిషి కనుబొమలు కూడా తెల్లబడిపోయాయి. గొట్టంలోంచి వెచ్చగా జారే తడిపిండిని అరచేత్తో పట్టి చూసి, ఆడవాళ్లు వెంటనే మూత పెట్టేస్తున్నారు. పిండిలో తడి ఆరితే అరిసె విరిగిపోతుంది మరి.

వరసలో ఓ పెద్దావిడ చేతిలో మాత్రం పాత ప్లాస్టిక్ డబ్బా ఉంది. అందులో పెసలు, కాస్త శనగపప్పు, పసుపు కొమ్ములు, కచ్చూరాలు, గుప్పెడు బావంచాలు, ఎండిన నారింజ తొక్కలు.

“నాది చిటికెలో పని నాయనా, ముందు పోసెయ్యి.”

“ఆయ్, సున్నిపిండి ఆఖర్నండి మామ్మగారూ. ఇప్పుడు పోత్తే ఎనకాలొచ్చే అరిసెలన్నీ కచ్చూరాల వాసనొచ్చేత్తాయండి.”

ఆవిడ మారు మాట్లాడకుండా పక్కింటి అరుగు మీద కూర్చుంది. అన్ని డబ్బాల మధ్యా సున్నిపిండి డబ్బా ఆవిడదొక్కటే.

చలి మొదలైన దగ్గర్నుంచీ ఊళ్లో ఎక్కడ నలుగురు కలిసినా ఆరోగ్యం మాటే. పొగమంచుకి గోదావరి గట్టు మీద నడక మానేసినవాళ్లు, వదలని దగ్గుతో గోకవరం బస్టాండు దగ్గర మందుల షాపు చుట్టూ తిరిగేవాళ్లు, వాట్సాప్‌లో వచ్చిన కషాయాల చిట్టాని పచారీ కొట్టువాడికి ఫోన్లో చూపించి శొంఠి, పిప్పళ్లు, అతిమధురం కట్టించుకునేవాళ్లు. ఇమ్యూనిటీ అన్న మాట ఇప్పుడు అందరి నోటా అలవాటైపోయింది. అయితే ఆయుర్వేదం చలికాలం గురించి చెప్పినదాంట్లో మందు పాలు చాలా తక్కువ. ఎక్కువ భాగం తిండి, నూనె, ఎండ, చెమట. అవన్నీ మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే.

పంచాంగంలో దాక్కున్న పథ్యం

చరక సంహిత సూత్రస్థానంలో ఆరో అధ్యాయం, వాగ్భటుడి అష్టాంగ హృదయం సూత్రస్థానంలో మూడో అధ్యాయం ఋతుచర్య గురించే. మార్గశిర, పుష్య మాసాలు హేమంతం. మాఘ, ఫాల్గుణాలు శిశిరం. చలి ఒంటిలోని వేడిని లోపలే బిగబట్టేస్తుంది కాబట్టి ఈ కాలంలో జఠరాగ్ని బాగా రాజుకుంటుందని ఇద్దరూ అంటారు. దానికి తగ్గ తిండి పడకపోతే ఆ అగ్ని ఒంట్లోని ధాతువులనే తినడం మొదలుపెడుతుంది, వాతం పెరుగుతుంది. అందుకే తీపి, పులుపు, ఉప్పు రుచులు, నెయ్యి, నూనె, పాలు, బెల్లం, మాంసం, కొత్త బియ్యంతో అన్నం, వేడి నీళ్లు ఈ కాలానికి పథ్యం. రాత్రులు పొడుగు కాబట్టి తెల్లారేసరికే ఆకలేస్తుందని వాగ్భటుడు గుర్తుచేస్తాడు.

ఇప్పుడు మన పండగల్ని తీయండి. చలి తొంగిచూసే వేళకి నాగుల చవితి. ఆ రోజు నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి, దాని పక్కన చలిమిడి. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలు. ధనుర్మాసంలో తెల్లవారుజామునే గుళ్లో కట్టెపొంగలి. మిరియాలు, జీలకర్ర, అల్లం, నెయ్యి పడ్డ ఆ వేడి ప్రసాదం, వాగ్భటుడు చెప్పిన ఆ తెల్లారుజాము ఆకలికి సరిగ్గా సరిపోతుంది. సంక్రాంతికి కొత్త బియ్యం, కొత్త బెల్లం, నువ్వులద్దిన అరిసె. కనుమకి మినప గారె. కనుమ నాడు మినుము తినాలని సామెతే ఉంది. ఆ రోజు కోడి కూర సంగతి వేరే చెప్పక్కర్లేదు. రథసప్తమికి ఎండలో పిడకల మీద పాలు పొంగించి, చిక్కుడాకుల్లో పరమాన్నం.

శాస్త్రాన్ని చూసి పండగ పెట్టారా, పండగను చూసి శాస్త్రం రాశారా అని వాదించుకోనక్కర్లేదు. ఆ నెలల్లో చేతికొచ్చే పంటలోంచే రెండూ పుట్టాయని నా నమ్మకం. సార్వా ధాన్యం ఇంటికొచ్చే నెలలో కొత్త బియ్యం తినమనడానికి ఋషి కానక్కర్లేదు.

ఈ జాబితాలో గోదావరి వాళ్లు తేగను కూడా చేర్చుకుంటారు. తాటి టెంకల్ని పాతరేసి, మొలకొచ్చాక తవ్వి తీసి, కుండలో పెట్టి కాల్చిన తేగల కట్టలు ఈ నెలల్లో రోడ్ల పక్కన కనిపిస్తాయి. పైపొర ఒలిచి, నిలువునా చీల్చి, మధ్యలో ఉండే చందమామ కోసం పిల్లలు కొట్టుకోవడం ఇప్పటికీ ఉంది. బోలెడు పీచు, నమలడానికి బోలెడు సమయం. బిస్కెట్ ప్యాకెట్టుకన్నా ఎంతో నయం.

చరకుడికి కోనసీమ తెలుసా?

రాజమహేంద్రవరంలో పుష్యమాసంలో కూడా రాత్రి ఉష్ణోగ్రత మామూలుగా 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకునే రోజున కూడా ఇక్కడ పల్చటి దుప్పటి చాలు. చరకుడు చెప్పే హేమంతం మాత్రం ఉత్తరాదిది. నేలమాళిగలాంటి గదుల్లో, ఉన్ని కప్పుకుని, అగరు పూసుకుని పడుకోమనే చలి అది. ఆ పథ్యాన్ని యథాతథంగా తెచ్చి ఇక్కడ అమలు చేస్తే ఏమవుతుంది?

ఆ ప్రశ్నకి జవాబు కూడా ఆయన దగ్గరే ఉంది. ఆయుర్వేదం నేలల్ని మూడుగా విడదీస్తుంది. నీళ్లు తక్కువున్న మెట్ట నేల జాంగలం. నీళ్లెక్కువున్న పల్లపు నేల ఆనూపం. రెంటికీ మధ్యది సాధారణం. ఆనూప దేశమంటే ఎలా ఉంటుందో చరక సంహిత కల్పస్థానం మొదట్లోనే వర్ణిస్తుంది. కొబ్బరి, అరటి తోటలు దట్టంగా ఉంటాయట. నదుల ఒడ్డూ, సముద్ర తీరమూ ఉంటాయట. చల్లటి గాలి వీస్తుందట. అక్కడి మనుషులు సుకుమారులట, కఫ వాతాలు ఎక్కువట. చదువుతుంటే రావులపాలెం దాటి అమలాపురం వైపు బస్సులో వెళ్తున్నట్టే ఉంటుంది. పైగా 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, మూడు డెల్టాల కాలువలు పారాక ఈ నేల ఇంకా తడిసింది.

మన దగ్గర చలికాలమంటే అందుకే ఎముకలు కొరికే చలి కాదు, తడి. ఆరని బట్టలు, చెమ్మ పట్టిన గోడలు, గొంతులో గళ్ల. ఉండే నేల గుణానికి ఎదురు గుణమున్న తిండి, అలవాట్లే ఒంటికి పడతాయని అదే ఋతుచర్య అధ్యాయం చివర్న చరకుడు సూత్రం చెప్పాడు. కాబట్టి తడి నేల మీద బతికేవాళ్లు నెయ్యీ బెల్లమూ తిన్నా, వాటితో పాటు మిరియం, శొంఠి, పిప్పలి కూడా ఒంట్లో పడాలి. ఈ మూడింటినీ కలిపి త్రికటు అంటారు. మిరియం కోసం కేరళ దాకా పోనక్కర్లేదు. చింతపల్లి, పాడేరు కాఫీ తోటల్లో నీడనిచ్చే చెట్ల మీదకి పాకేవి మిరియం తీగలే.

మా వైపు వంటింట్లో ఈ సంగతి ఎప్పుడో తెలుసు. జలుబు చేస్తే మిరియాల చారు, కడుపు బరువైతే శొంఠిపొడి కలిపిన మొదటి ముద్ద. ఈ రెండూ రోజూ తినే అన్నంలోనే కలిసిపోయాయి కాబట్టి వాటిని మందని ఎవరూ అనుకోరు. సీసాలో పోసి పేరు అంటిస్తే మాత్రం డబ్బులిచ్చి కొంటారు.

▣ పెరుగు మానేశారా?

చలికాలం రాగానే చాలా ఇళ్లలో ముందు ఆపేది పెరుగు. చరక సంహిత చెప్పింది దీనికి తలకిందులు. శరత్తు, గ్రీష్మం, వసంతం... ఈ మూడు ఋతువుల్లో పెరుగు అంత మంచిది కాదంటుంది. ఆ జాబితాలో హేమంత శిశిరాలు లేవు. రాత్రిపూట పెరుగు వద్దనే నియమం మాత్రం అన్ని కాలాలకీ ఉంది. అంటే మనం ఎండాకాలం రాత్రి గడ్డపెరుగు లాగించి, పుష్యమాసం మధ్యాహ్నం మానేస్తున్నాం.

పొద్దున్నే వేడినీళ్లలో తేనె సంగతీ అంతే. తేనెను వేడి చేయకూడదు, వేడివాటితో కలపకూడదు అన్నది ఆయుర్వేదంలో గట్టి నిషేధం. ఇక ఏడాది నిండని పసివాళ్లకి తేనె ఏ రూపంలోనూ నాకించకూడదని ఆధునిక వైద్యం హెచ్చరిక.

నూనె ఎటు పోయింది

శాస్త్రంలో ఈ కాలానికి తిండి ఎంత ముఖ్యమో ఒంటికి నూనె అంత ముఖ్యం. అభ్యంగనం రోజూ చేసుకోవాలని, తలకీ చెవులకీ అరికాళ్లకీ మరీ ముఖ్యంగా రాయాలని వాగ్భటుడు అంటాడు. మన ఇళ్లలో అది ముందు వారానికోసారి తలంటుగా మారింది, తర్వాత ఏడాదికి మూడు పండగలకి కుదించుకుపోయింది. నరక చతుర్దశి, భోగి, ఉగాది. ఇప్పుడు భోగి నాడు కూడా పిల్లల మాడు మీద మూడు చుక్కలు అద్ది, షాంపూ ప్యాకెట్టు చింపుతున్నాం.

కోనసీమ పక్కనే ఉన్నాం కాబట్టి చేతికందేది కొబ్బరి నూనె. అది చలవ చేస్తుందంటుంది ఆయుర్వేదం. చలికాలానికి నువ్వుల నూనె, అదీ వెచ్చజేసింది కావాలి. గరిటెడు నూనె గిన్నెలో పోసి, ఆ గిన్నెను వేడినీళ్లలో కాసేపు ఉంచితే చాలు, పొయ్యి మీద కాచనక్కర్లేదు. మోకాళ్లకీ కీళ్లకీ గుండ్రంగా, పొడవాటి ఎముకల మీద నిలువుగా రుద్దాలి. పావుగంట ఆగాలి. తర్వాత సున్నిపిండితో నలుగు.

మరలో ఆఖరికి ఆడిన ఆ పొడి విలువ ఇక్కడే తెలుస్తుంది. నూనె వాతాన్ని అణుస్తుంది, పొడిపిండితో రుద్దే ఉద్వర్తనం కఫాన్ని, కొవ్వును కరిగిస్తుంది అని అష్టాంగ హృదయం రెండో అధ్యాయంలో ఉంది. తడి నేల మీద ఉండేవాళ్లకి ఈ రెండో సగమే ఎక్కువ అవసరం. ఒంటికి పట్టిన నూనె మీద పెసరపిండి పొడిగానే చల్లి, కింది నుంచి పైకి రుద్దుతుంటే పిండి చిన్న చిన్న వత్తుల్లా ఉండలు కట్టి రాలుతుంది. దాంతో పాటు జిడ్డు, పొట్టు రేగిన చర్మం ఊడొస్తాయి. చర్మం ఎర్రబడి వెచ్చబడుతుంది. ఏ మాయిశ్చరైజరూ ఈ పని చేయదు.

ఒక్క జాగ్రత్త. సున్నిపిండిలో బావంచాలు ఎక్కువ వేయకండి. చర్మానికి ఎండ త్వరగా తగిలేట్టు చేసే గుణం వాటికుంది. బొల్లి వైద్యంలో వాడేది అందుకే. పిడికెడు వేసి, రుద్దుకుని, ఎండలో కూర్చుంటే కమిలిపోవచ్చు. జ్వరం, అజీర్తి, కఫం పట్టి ఆయాసం ఉన్న రోజుల్లో అసలు తలంటే వద్దని శాస్త్రమే చెప్తుంది. “పండగ కదా, జలుబున్నా పరవాలేదు” అనే అమ్మమ్మలు ఈ మాట వినాలి.

సగం బలం

హేమంత, శిశిర, వసంతాల్లో ఒంటి బలంలో సగం ఖర్చయ్యేదాకా వ్యాయామం చేయాలి, మిగతా కాలాల్లో తగ్గించాలి. ఇదీ నియమం. నుదుటిన, చంకల్లో చెమట పట్టడం, నోటితో ఊపిరి తీయాల్సి రావడం సగం బలానికి గుర్తులు. ఏ యాప్ లేకుండా ఎవరికి వాళ్లు కొలుచుకోవచ్చు.

పాత గోదావరి పల్లెలో దీన్ని ఎవరూ వ్యాయామమని పిలవలేదు. సార్వా కోతలు, కుప్ప నూర్పిళ్లు, ఆ వెంటనే దాళ్వా నాట్లు. అరిసె తిన్న ఒళ్లు ఆ పూటే వంగి పనిచేసేది. పాకం పట్టిన బెల్లం, నూనెలో వేగిన కొత్త బియ్యం, పైన నువ్వులు... అంత బరువైన తిండిని అరిగించే పొయ్యి ఆ పొలంలో రాజుకునేది. ఇప్పుడు వరికోత యంత్రం ఎకరాన్ని చూస్తుండగానే కోసి పారేస్తోంది. రైతు గట్టు మీద ఫోన్ పట్టుకుని నిలబడతాడు. ఊళ్లో మనమైతే కుర్చీలోంచి కదలం. అరిసె సైజు మాత్రం తగ్గలేదు.

ఇక కనుమ మధ్యాహ్నం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, మనమూ కదలం. గారెలు, కోడి కూర, పైన బూరె, ఆపైన సాయంత్రం దాకా నిద్ర. పగటి నిద్ర ఎండాకాలంలో తప్ప మిగతా కాలాల్లో మామూలు మనుషులకి పనికిరాదని, కఫం పెరుగుతుందని చరకుడంటాడు. ఆ ఒక్క రోజుకి ఆయన్ని పక్కన పెట్టేద్దామంటే నాకూ అభ్యంతరం లేదు. కానీ పండగ పేరు చెప్పి పది రోజులు అదే వరస నడుస్తుంటుంది.

నడిచేవాళ్ల సంగతికొస్తే, తెల్లవారుజామున అయిదుకే గట్టెక్కే నియమాన్ని ఈ రెండు నెలలు సడలించుకోవచ్చు. ఈదురుగాలికి ఎదురెళ్లొద్దు, ఎండ కాగమని ఋతుచర్య చెప్తోంది. మంచు విడిచాక, ఏడు దాటాక నడిస్తే రెండూ కలిసొస్తాయి.

కోటిలింగాల రేవులో తెల్లవారకముందే మునిగే పెద్దవాళ్లని అడగండి, నీళ్లలో దిగేదాకానే చలి అంటారు. నిజమే. రాత్రి గాలి చల్లబడినంత త్వరగా నది చల్లబడదు కాబట్టి ఆ వేళకి నీళ్లే వెచ్చగా తగులుతాయి. ప్రమాదమంతా పైకొచ్చాక, తడి చీరతో మెట్ల మీద గాలికి నిలబడినప్పుడు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ పుణ్యం వేడినీళ్లతో ఇంట్లోనే కట్టుకోవడం మేలు.

మంచులో కలిసిన పొగ

పొద్దున్నే జాతీయ రహదారి మీద కడియపులంక దాటుతుంటే ముందున్న లారీ వెనక లైట్లు తప్ప ఏమీ కనిపించవు. ఆ తెల్లటి తెర వెనక పూల మార్కెట్టు అప్పటికే సగం బేరం ముగించి ఉంటుంది. నర్సరీల్లో ఆడవాళ్లు తడి మట్టిలో చేతులు పెట్టి కవర్లు నింపుతుంటారు. మడమలు పగిలి, వేళ్ల సందులు ఒరిసిపోయి ఉంటాయి. ఆయుర్వేదం పాదాభ్యంగం అని అందమైన పేరు పెట్టింది. వీళ్లకి అది రాత్రి కాళ్లు కడుక్కుని, బాగా తుడుచుకుని, నువ్వుల నూనెలో కరిగించిన తేనెమైనం పగుళ్లలో నింపుకోవడం. వేళ్ల సందుల్లో ఒరుపు ఉంటే మాత్రం అక్కడ నూనె పెట్టకుండా పొడిగా ఉంచాలి, తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోవాలి. అన్నిటికన్నా ముందు కావాల్సింది కాళ్లకి రబ్బరు బూట్లు. ఏ సంహితలోనూ లేని వైద్యం అది.

మంచు ఒక్కటే అయితే ఇంత దగ్గు ఉండదు. యంత్రం కోసిన పొలాల్లో మిగిలిన మోళ్లు, గడ్డి తగలబెడతారు. చెత్తకుప్పలు తగలబెడతారు. ఆ పొగ పైకి పోకుండా మంచు కిందే పరుచుకుంటుంది. భోగి నాడు ఇది పరాకాష్ఠ. పిడకల దండలు, పాత కట్టెలు కాలిస్తే ఒక సంగతి. టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే వచ్చే నల్లటి పొగ తెల్లారేసరికి వీధిలోని ఉబ్బసం పిల్లవాణ్ణి నెబ్యులైజర్ దగ్గర కూర్చోబెడుతుంది. ఆ తర్వాత ఎంత తులసి కషాయం పోసినా ఏం లాభం?

▣ వీళ్లు జాగ్రత్త

హేమంతం బలమైన తిండి తినమంది కదా అని అందరూ తినేయడానికి లేదు. మధుమేహం ఉన్నవాళ్లకి బెల్లం కూడా చక్కెరే. అరిసె ఒకటి తింటే ఆ పూట అన్నం తగ్గాలి. రక్తపోటు ఉన్నవాళ్లు అతిమధురం రోజూ వాడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. పిల్లలకి మరుగుతున్న గిన్నె ముందు ఆవిరి పట్టించొద్దు, ఒలికి కాలిన కేసులు ప్రతి చలికాలం వస్తాయి. పసివాళ్ల ముక్కుల దగ్గర కర్పూరం వద్దు. రెండు వారాలు దాటిన దగ్గు, కఫంలో రక్తం, ఎగశ్వాస ఉంటే కషాయం కట్టిపెట్టి ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

తిప్పతీగ నేర్పిన పాఠం

కరోనా కాలంలో తిప్పతీగ కోసం గోడలూ కంచెలూ వెతికిన రోజులు గుర్తుండే ఉంటాయి. 2020 సెప్టెంబరు, డిసెంబరు మధ్య ముంబైలో ఆరుగురు కాలేయం దెబ్బతిని ఆసుపత్రికి వచ్చారు. అందరూ తిప్పతీగ వాడినవాళ్లేనని వైద్యులు మరుసటి ఏడాది ఓ పత్రికలో రాశారు. వాళ్లు వాడింది అసలు తిప్పతీగో, దాన్ని పోలిన వేరే తీగో తేల్చలేదని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. ఎవరి మాట నిజమైనా పెరట్లో తీగ తెంపి కషాయం కాచేవాళ్లు గమనించాల్సింది ఒకటే. మొక్కను గుర్తుపట్టడం కూడా వైద్యంలో భాగమే. 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకని ఇచ్చిన ఆకు మందు కోసం వేలమంది బారులు తీరినప్పుడు, ప్రభుత్వం ఆ నెలాఖరున కొన్ని మందులకి అనుమతిచ్చి కంట్లో చుక్కల్ని మాత్రం ఆపింది. ఆకు మందంతా ఒకే గాటన కట్టకూడదని ఆ నిర్ణయమే చెబుతోంది.

ఆయుర్వేదానికీ ఇంగ్లీషు వైద్యానికీ మధ్య గోడ కట్టనక్కర్లేదని చూపినవాడు మన గోదావరి జిల్లాల్లోనే పుట్టాడు. 1880లో ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లా మాధవరంలో పుట్టిన ఆచంట లక్ష్మీపతి మద్రాసులో ఇంగ్లీషు వైద్యం చదివి, ఆపైన పండిత గోపాలాచార్యుల దగ్గర ఆయుర్వేదం నేర్చుకున్నాడు. స్టెతస్కోపు వదల్లేదు, సంహితల్నీ వదల్లేదు.

చ్యవనప్రాశ సీసాలు కొనేవాళ్లకి ఓ మాట. చరక సంహితలో ఆ లేహ్యానికి అయిదు వందల ఉసిరికాయలు లెక్క. ఆ కాయ కార్తీకం నుంచి మన సంతల్లో రాశులు పోసి ఉంటుంది. లేహ్యం చేయడం అందరి వల్లా కాదు గానీ, కాయ కోసి ఉప్పద్ది తినడం, ఉసిరి పచ్చడి పెట్టుకోవడం ఎవరికైనా చేతనవును. సీసాలో చక్కెర ఎంతుందో వెనక అట్ట మీద చదివాక ఏది కావాలో తేల్చుకోవచ్చు.

ఈ రెండు నెలల తిండి లెక్క మాఘ ఫాల్గుణాలు దాటాక తేలుతుంది. చలికాలమంతా పేరుకున్న కఫం వసంతంలో ఎండ తగలగానే కరగడం మొదలుపెడుతుందని, దగ్గులూ జలుబులూ అరగకపోవడాలూ అప్పుడే ఎక్కువని వాగ్భటుడు ఋతుచర్యలో రాశాడు. బరువైన తిండి, తీపి, పులుపు, నూనె పిండివంటలు అప్పుడిక మానేయమన్నాడు. మన ఇళ్లలో సంక్రాంతి అరిసెల డబ్బా శివరాత్రి దాకా ఖాళీ అవదు. రథసప్తమి నాడు మిగిలినవి పనిమనిషి పిల్లలకో, పక్కింటి కుర్రాళ్లకో పంచేయండి. ఆడుకునే ఒళ్లు వాళ్లది, అరిగించుకుంటారు.